నిధి ఉన్నది, తాళపు చెవి లేదు: పాట్రిస్ లుముంబా జీవితం

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని మన ఇళ్లలో పెద్దలు అంటూ ఉంటారు. విస్తరి నిండా వడ్డించి ఉన్నా తినే యోగం లేనివాణ్ణి గూర్చి పుట్టిన సామెత అది. ఆఫ్రికా పటం తెరచి, ఆ ఖండపు నడిబొడ్డున పరచుకొని ఉన్న కాంగో దేశాన్ని చూచినప్పుడు ఈ సామెత జ్ఞాపకం రాక మానదు. ఆ దేశపు వైశాల్యం 23 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. అనగా మన భారతదేశంలో మూడింట రెండు వంతులకు మించినది. ప్రవహించే నీటి పరిమాణంలో అమెజాన్ తరువాత లోకంలో చెప్పదగిన నది కాంగో నది. నేల అడుగున రాగి, కోబాల్టు, వజ్రాలు, బంగారం, తగరం, యురేనియం. నేల మీద సమృద్ధిగా వానలు, దట్టమైన అడవులు, సాగుకు అనువైన విశాల భూములు. అయినా ఆ దేశ ప్రజలు ప్రపంచంలోని నిరుపేదల వరుసలో నిలిచి ఉన్నారు. దీనికి కారణం గ్రహచారమా? ప్రజల సోమరితనమా? లేక మానవులు తెలిసి తెలిసి కల్పించిన అవరోధాలా? ఈ ప్రశ్నకు సమాధానం ఒక వ్యక్తి జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ దేశపు తొలి ప్రధానమంత్రియై, 35 సంవత్సరాలు నిండిన కొలది మాసాలకే హతుడైన పాట్రిస్ లుముంబా జీవితం అది.

లుముంబా 1925 జూలై 2వ తేదీన కసాయి ప్రాంతంలోని ఒనలువా గ్రామంలో, బటెటెలా తెగకు చెందిన ఒక సామాన్య రైతు కుటుంబంలో జన్మించినాడు. అప్పటికి కాంగో బెల్జియం ఏలుబడిలో ఉన్నది. అంతకు ముందరి కథ మరింత దారుణమైనది. 1884-85లో యూరపు రాజ్యాలు బెర్లిన్ నగరంలో సమావేశమై ఆఫ్రికాను పంచుకొనే నియమాలు ఏర్పరచుకొన్న రోజులలో, బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ ఈ మహాదేశాన్ని తన సొంత ఆస్తిగా గుర్తింపజేసికొన్నాడు. దానికి స్వేచ్ఛారాజ్యమని పేరు కూడా పెట్టినాడు. సైకిళ్లకు, మోటారు బండ్లకు రబ్బరు చక్రాలు కావలసి వచ్చిన కాలమది. అడవి తీగల నుండి రబ్బరు పాలు సేకరించి నిర్ణీతమైన తూకం చెల్లించవలసినదని గ్రామాలకు ఆజ్ఞలు వెళ్లినవి. చెల్లించలేని ఊళ్లపై సైనికులు విరుచుకుపడేవారు. తాము తూటాలను వృథా చేయలేదని పై అధికారులకు చూపుటకై చంపిన వారి చేతులు నరికి తెచ్చేవారు. ఒక్కొక్కప్పుడు బ్రతికి ఉన్నవారి చేతులు కూడా తెగిపడేవి. ఈ ఘోరాలు బయటపడి లోకం ఛీకొట్టిన పిమ్మట, 1908లో దేశం రాజు చేతి నుండి బెల్జియం ప్రభుత్వం చేతికి మారినది. చేతులు నరకడం ఆగినది. సంపద ప్రవహించే దిక్కు మాత్రం మారలేదు.

ఆ ప్రవాహపు కాలువలు ఎట్లు త్రవ్వబడినవో విద్యార్థులు గమనించదగినది. ఆగ్నేయాన ఉన్న కటంగా ప్రాంతంలో రాగి త్రవ్వుటకు 1906లో యూనియన్ మినియేర్ అనే కంపెనీ ఏర్పడినది. కాంగోకు ఉన్న సముద్రతీరం కేవలం 40 కిలోమీటర్లు. కటంగా రాగి ఆ తీరం చేరవలెనంటే రైలు మీద కసాయి నది రేవుకు పోయి, అక్కడ పడవ కెక్కి లియోపోల్డ్‌విల్ చేరి, మరల రైలెక్కి మటాడి రేవుకు పోవలెను. కాదంటే పొరుగున పోర్చుగీసు వారి ఏలుబడిలో ఉన్న అంగోలా గుండా పోవలెను. ఇంత కష్టపడి వేసిన మార్గాలన్నీ గని నుండి రేవుకు పోయేవే. ఒక జిల్లాలో పండిన ధాన్యాన్ని మరొక జిల్లా సంతకు చేర్చే మార్గాన్ని గూర్చి శ్రద్ధ వహించినవారు తక్కువ. 1917 నుండి అనేక ప్రాంతాలలో రైతులకు ప్రత్తి సేద్యం నిర్బంధమైనది. పండిన ప్రత్తిని నిర్ణీతమైన కంపెనీకి, ఆ కంపెనీ ఇచ్చే ధరకే అమ్మవలెను. ప్రత్తి బేళ్లుగా, రాగి దిమ్మెలుగా దేశం దాటేవి. గుడ్డలుగా, తీగలుగా, యంత్రాలుగా మారి హెచ్చు వెలకు తిరిగి వచ్చేవి. 1945లో హిరోషిమాపై పడిన బాంబుకు కావలసిన యురేనియంలో అధిక భాగం కటంగాలోని షింకొలోబ్వే గని నుండి పోయినదే. లోకచరిత్రను మలుపు త్రిప్పిన ఆ లోహం ఏ నేల నుండి వచ్చినదో ఆ నేల ప్రజలకు దాని సంగతి తెలియదు.

బాలుడైన లుముంబా ప్రొటెస్టెంటు, కాథలిక్ మిషన్ల బడులలో చదువుకొన్నాడు. కాంగోలో ప్రాథమిక పాఠశాలలకు అంతగా కొరత లేదు. ఆ కాలపు ఆఫ్రికాలో బడికి పోయే పిల్లల సంఖ్యలో కాంగో ముందు వరుసలోనే ఉండేది. అయితే ఆ చదువు నాలుగైదు మెట్లు ఎక్కించి అక్కడ నిలిపివేసేది. గనిలో గుర్తులు చదువగలవాడు, ఆఫీసులో చిట్టా వ్రాయగలవాడు పాలకులకు కావలెను. గనిని నడపగలవాడు, చిట్టాను ప్రశ్నించగలవాడు వారికి అక్కరలేదు. లియోపోల్డ్‌విల్ దగ్గర లొవానియం విశ్వవిద్యాలయం 1954లో గాని వెలియలేదు. 1960లో స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశం మొత్తం మీద పట్టభద్రులైన కాంగో వారు 30 మందికి మించి లేరు. పరిపాలనలోని వేలాది ఉన్నతోద్యోగాలలో వారి చేతిలో ఉన్నవి మూడే. సైన్యంలో 25 వేల మంది సిపాయిలు ఉండగా వారిలో నల్లజాతి ఆఫీసరు ఒక్కడైనా లేడు. ఒక దేశపు భవిష్యత్తుకు ఇంతకంటె పెద్ద అడ్డుగోడ మరొకటి ఉండబోదు. గనిలోని రాగి వంద సంవత్సరాలు వేచి ఉన్నా చెడిపోదు. బడిలో ఆగిపోయిన తరం మాత్రం తిరిగి రాదు.

యౌవనంలో అడుగుపెట్టిన లుముంబా ఇల్లు విడిచి కిండు పట్టణంలో ఒక గనుల కంపెనీలో కొంతకాలం కొలువు చేసి, 1944లో స్టాన్లీవిల్ నగరం చేరినాడు. తరువాత తపాలా శాఖ శిక్షణ పొంది పోస్టాఫీసు గుమాస్తా అయినాడు. బడి ఇవ్వని చదువును గ్రంథాలయాలలో వెదకికొన్నాడు. రూసో, వోల్టేరు, హ్యూగో మొదలైన ఫ్రెంచి రచయితలను చదివినాడు. పత్రికలకు వ్యాసాలు వ్రాసినాడు. ఉద్యోగుల సంఘాలు, చదువుకొన్న వారి సంఘాలు నడిపినాడు. 1951లో పాలీన్ ఒపాంగోను వివాహమాడినాడు. తెల్లవారి పద్ధతులు అలవరచుకొన్న ఆఫ్రికనులను పాలకులు ఎవోల్యుయే అని, అనగా పరిణతి పొందినవారని పిలిచేవారు. వారిలో కొందరికి పరీక్ష చేసి ఒక గుర్తింపు పత్రం ఇచ్చేవారు. అభ్యర్థి ఇంటికి అధికారులు వచ్చి, అతని వంట గది, పడక గది, అతడు భోజనం చేసే తీరు తనిఖీ చేసేవారు. మొదట నిరాకరింపబడి, పట్టుదలతో మరల ప్రయత్నించి 1954లో లుముంబా ఆ పత్రం సంపాదించినాడు. కోటికి పైగా జనం ఉన్న దేశంలో అట్టి పత్రం పొందినవారు కొలది వందలు మాత్రమే. పత్రం చేతికి వచ్చినా, అతని జీతం అదే పని చేసే తెల్ల ఉద్యోగి జీతంలో స్వల్పభాగమే.

1956లో లుముంబా ప్రభుత్వపు ఆహ్వానంపై బెల్జియం దేశం చూచి వచ్చినాడు. వచ్చిన వెంటనే, తపాలా కార్యాలయపు సొమ్ము వాడుకొన్నాడన్న నేరంపై అరెస్టయినాడు. నేరం జరిగిన మాట వాస్తవం. అతని అభిమానులు సైతం దానిని దాచలేదు. సొమ్ము తిరిగి చెల్లించిన మీదట శిక్ష తగ్గి, 1957 సెప్టెంబరులో విడుదలయినాడు. జైలులో ఉన్నప్పుడు పూర్తి చేసిన పుస్తకం అతని మరణానంతరం 1961లో అచ్చయినది. దానిని చదివినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. అందులో కనిపించేది విప్లవకారుడు కాడు. బెల్జియం వారితో కలసి మెలసి, సమాన గౌరవంతో, క్రమక్రమంగా దేశాన్ని బాగుచేసికొందామని ఆశపడే ఒక సౌమ్యుడు కనిపిస్తాడు. అట్టివాడు మూడు సంవత్సరాలలో సంపూర్ణ స్వాతంత్ర్యవాదిగా మారినాడంటే, ఆ మార్పుకు కారణం అతని స్వభావంలో కంటె ఆనాటి పరిస్థితులలో వెదకవలెను.

విడుదలయిన తరువాత అతడు రాజధాని లియోపోల్డ్‌విల్ చేరి, పోలార్ అనే బీరు తయారు చేసే కంపెనీలో అమ్మకాల పెద్దగా కుదిరినాడు. పేట పేటా తిరిగి బీరు అమ్మిన ఆ ఉద్యోగమే అతనికి ప్రజలను పరిచయం చేసినది. జనసమూహాన్ని మాటతో ఆకట్టుకొనే విద్య అక్కడ పదునెక్కినది. ఆ రోజులలోనే అంతర్జాతీయ విపణిలో రాగి ధర పడిపోయినది. దేశపు ఆదాయం ఒకే లోహం మీద ఆధారపడి ఉండుటచే ఎక్కడో దూరదేశాల విపణిలో ధర తగ్గితే లియోపోల్డ్‌విల్ వీధులలో కూలి దొరకక పోయేది. పదేండ్ల ప్రణాళిక పేర తెచ్చిన అప్పులు పెరిగినవి. పల్లెలు విడిచి పట్టణం చేరిన యువకులు నిరుద్యోగులై తిరిగినారు. 1958 అక్టోబరులో లుముంబా మిత్రులతో కలసి కాంగో జాతీయోద్యమ పక్షాన్ని స్థాపించినాడు. మిగిలిన పక్షాలు చాలావరకు తెగల పేర, ప్రాంతాల పేర వెలసినవి. దేశమంతా ఒక్కటి అన్నది ఈ పక్షపు మూలసూత్రం. ఆ డిసెంబరులో ఘనా రాజధాని అక్రాలో జరిగిన అఖిలాఫ్రికా ప్రజల మహాసభకు అతడు హాజరై క్వామే ఎన్‌క్రుమాను కలిసినాడు. తిరిగి వచ్చిన లుముంబా నోట వినబడినది ఒక్కటే మాట: స్వాతంత్ర్యం, అదియు తక్షణమే.

1959 జనవరి 4వ తేదీన లియోపోల్డ్‌విల్‌లో అల్లర్లు చెలరేగి ఎందరో మరణించినారు. ఇంకా ముప్పది సంవత్సరాలు పట్టునని కొందరు లెక్కలు వేసిన స్వాతంత్ర్యానికి బెల్జియం ఆ నెలలోనే మాట ఇచ్చినది. అక్టోబరులో స్టాన్లీవిల్‌లో జరిగిన అల్లర్లకు బాధ్యుడని లుముంబాను చెరలో వేసినారు. 1960 జనవరిలో బ్రస్సెల్స్ నగరంలో రౌండు టేబిల్ సమావేశం మొదలైనది. అతడు లేనిదే చర్చ సాగదని ప్రతినిధులు పట్టుబట్టుటచే చెర నుండి విడిపించి విమానంలో పంపినారు. సంకెళ్ల గాయాలకు కట్టు కట్టిన మణికట్లతో అతడు సభలో ప్రవేశించినాడు. జూన్ 30వ తేదీ స్వాతంత్ర్య దినంగా నిర్ణయమైనది.

ఈ కథలో అందరూ చెప్పుకొనే ఘట్టం అది. అంతకంటె ముఖ్యమైన మరొక ఘట్టం ఏప్రిలు, మే నెలలలో అదే నగరంలో జరిగినది. దానిని గూర్చి చెప్పుకొనేవారు తక్కువ. జెండా ఎవరిదో తేలిన తరువాత గనులు, వాటాలు, అప్పులు ఎవరివో తేల్చుటకు ఆర్థిక విషయాలపై వేరొక రౌండు టేబిల్ సమావేశం ఏర్పాటైనది. అప్పుడు కాంగోలో ఎన్నికల ప్రచారం ముమ్మరంగా ఉన్నది. లుముంబా మొదలైన నాయకులు ఊరూరా తిరుగుతున్నారు. ఆర్థిక సమావేశానికి వారు ఎక్కువగా విద్యార్థులను, యువకులను పంపినారు. లుముంబా పక్షాన కూర్చున్నవారిలో జోసెఫ్ మొబూటు అనే యువ పాత్రికేయుడు ఒకడు. బల్ల కావలి ప్రక్కన జీవితమంతా బ్యాంకులలో, కంపెనీలలో పండిపోయినవారు కూర్చున్నారు. ఫలితం ఏమి కాగలదో చెప్పనక్కరలేదు. వలస ప్రభుత్వం చేసిన అప్పుల భారం క్రొత్త దేశం నెత్తిన పడే తీరులో సంగతులు నడచినవి. జూన్ 17వ తేదీన బెల్జియం చేసిన చట్టం ప్రకారం కాంగోలోని కంపెనీలు తమ జాతీయతను బెల్జియానికి మార్చుకొనే వీలు కలిగినది. పెద్ద కంపెనీలు అనేకం ఆ వీలు వినియోగించుకొన్నవి. గనులు కాంగోలో ఉండిపోయినవి, యజమానులు బెల్జియం చేరినారు. కటంగా ప్రత్యేక సంఘం అనే సంస్థ ద్వారా యూనియన్ మినియేర్‌లో ప్రభుత్వానికి పెద్ద పలుకుబడి ఉండేది. స్వాతంత్ర్యానికి మూడు రోజుల ముందు ఆ సంస్థను రద్దు చేసినారు. పెట్టుబడిదారులు తమ ధనాన్ని ముందే దేశం దాటించినారు. ఇల్లు అప్పగించుటకు ముహూర్తం పెట్టి, ఇనుప పెట్టె తాళపు చెవి మొలలో దోపుకొని పోయినట్లయినది. లుముంబా తెలివితేటలలో ఎవరికీ తీసిపోడు. అయినా రాజ్యం చేతికి వస్తే ధనం దాని వెంట వస్తుందని నమ్మినాడు. అతని జీవితంలోని పెద్ద పొరపాటు అదే.

మే నెల ఎన్నికలలో అతని పక్షానికి 137 స్థానాలలో 33 వచ్చినవి. అన్ని పక్షాలలోను అదే పెద్దది. జోసెఫ్ కసావుబు అధ్యక్షుడు కాగా, లుముంబా ప్రధానమంత్రి అయినాడు. జూన్ 30వ తేదీన, అతని 35వ పుట్టినరోజుకు రెండు దినాల ముందు, లియోపోల్డ్‌విల్‌లో స్వాతంత్ర్యోత్సవ సభ జరిగినది. బెల్జియం రాజు బౌడువాన్ తన పూర్వికుడైన లియోపోల్డ్ ఘనతను కొనియాడినాడు. అప్పుడు కార్యక్రమంలో పేరు లేని లుముంబా లేచి మాట్లాడినాడు. వెట్టిచాకిరిని, చాలీచాలని కూలిని, లాక్కొన్న భూములను, నల్లవాడైనందుకు ప్రతివాడూ ఏకవచనంతో పిలిచిన అవమానాన్ని ఒక్కొక్కటిగా జ్ఞాపకం చేసినాడు. వీధులలో రేడియోలు విన్న ప్రజలు ఉప్పొంగిపోయినారు. రాజు ముఖం మాడిపోయినది. ఆ ప్రసంగం సత్యం. కాని దాని వెల చాలా హెచ్చయినది.

అయిదు దినాలు గడిచినవో లేదో సైన్యంలో తిరుగుబాటు పుట్టినది. స్వాతంత్ర్యం వచ్చినా తమ స్థితిలో మార్పు ఉండబోదని బెల్జియం సేనాపతి సిపాయిలకు స్పష్టం చేసినాడు; దానితో వారు మండిపడినారు. యూరపు వారిపై దాడులు, అత్యాచారాలు జరిగినవి. ఇంజనీర్లు, డాక్టర్లు, అధికారులు వేలకొలదిగా దేశం విడిచి పోయినారు. ఆస్పత్రులలో వైద్యులు లేరు, కచేరీలలో లెక్కలు చూచేవారు లేరు. ఏండ్ల తరబడి ఎవరికీ విద్య నేర్పకపోవుటలోని అనర్థం ఒక్క వారంలో బట్టబయలయినది. తమవారి రక్షణ పేర బెల్జియం సైన్యాలు దిగినవి. జూలై 11వ తేదీన మోయిజ్ షోంబే కటంగా వేరుపడినదని ప్రకటించినాడు. అతని వెనుక బెల్జియం అధికారులు, సైనికులు నిలిచినారు. యూనియన్ మినియేర్ కేంద్ర ప్రభుత్వానికి చెల్లించవలసిన పన్నులు షోంబే ఖజానాకు చెల్లించినది. దేశపు ఆదాయంలో సుమారు సగం సమకూర్చే ప్రాంతం అది. ఆగస్టులో వజ్రాల గనులు ఉన్న దక్షిణ కసాయి కూడా ఆ బాట పట్టినది. రెండు మాసాలు నిండకుండగనే ప్రధానమంత్రి చేతిలో జీతాలు ఇచ్చుటకు సొమ్ము లేదు.

గనులు ఉన్నచోటనే చీలిక పుట్టుట యాదృచ్ఛికం కాదు. భూగర్భ సంపద ఒకటి రెండు తావులలో కుప్పబడి ఉన్న దేశంలో, ఆ తావులను చేజిక్కించుకొన్నవానికి మిగిలిన దేశంతో పని ఉండదు. లక్షలాది రైతుల శ్రమ నుండి పన్ను తీసికొనే ప్రభుత్వం ఆ రైతుల యోగక్షేమాలు కొంతైనా చూడవలెను. గని నుండి ఆదాయం వచ్చే ప్రభుత్వానికి గని చుట్టూ కాపలా చాలును. కాంగో దుఃఖమంతా ఈ చిన్న సూత్రంలో ఇమిడి ఉన్నది.

లుముంబా ఐక్యరాజ్య సమితిని శరణు వేడినాడు. సమితి సైన్యాలు వచ్చినవి, కాని కటంగాను బలప్రయోగంతో కలుపుటకు ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ అంగీకరించలేదు. అమెరికా పోయి సాయం అడిగినాడు; అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దర్శనం దొరకలేదు. ఆ తొందరలోనే ఒక అమెరికన్ వ్యాపారితో దేశపు వనరుల అభివృద్ధికి 50 సంవత్సరాల ఒప్పందం వ్రాసికొన్నాడు. తరువాత అది నీటి మూట అని తేలినది. ఎక్కడా దిక్కు తోచక సోవియట్ రష్యా నుండి విమానాలు, లారీలు తెప్పించినాడు. ప్రచ్ఛన్న యుద్ధపు రోజులలో అది క్షమింపరాని నేరమైనది. ఆగస్టు చివర దక్షిణ కసాయికి పంపిన సైన్యం బక్వాంగా వద్ద వందలాది బలూబా ప్రజలను ఊచకోత కోసినది. జీతాలు, బండ్లు, తిండి లేని సైన్యాన్ని కదిపిన పాపంలో ప్రధానికి భాగం లేదనుట కష్టం. తొందరపాటు, ఇతరుల మాట వినని పట్టుదల అతని లోపాలు. అనుభవం గడించుటకు కాలం మాత్రం అతనికి ఎవరూ ఇవ్వలేదు.

సెప్టెంబరు 5వ తేదీన కసావుబు అతణ్ణి పదవి నుండి తొలగించినట్లు రేడియోలో ప్రకటించినాడు. శాసనసభలు లుముంబా పక్షమే వహించినవి. 14వ తేదీన, ఒకప్పుడు అతని ఆంతరంగికుడై సేనాధిపత్యం పొందిన మొబూటు, అధికారం చేజిక్కించుకొన్నాడు. లుముంబా తన ఇంటిలోనే బందీ అయినాడు. అతణ్ణి పట్టుకొనుటకు మొబూటు సైనికులు చుట్టూ ఉండగా, లోపల సమితి సైనికులు కాపలా కాసినారు. అప్పుడు సమితి ప్రతినిధిగా అక్కడ ఉన్న భారతీయుడు రాజేశ్వర్ దయాళ్ అతని అరెస్టుకు అంగీకరించలేదు. నవంబరు 27వ తేదీ రాత్రి వానలో లుముంబా కారులో తప్పించుకొని స్టాన్లీవిల్ దిక్కుగా బయలుదేరినాడు. దారిలో ఊరూరా జనం మూగగా ఆగి మాట్లాడినాడు. సంకురు నది దాటిన తరువాత, ఆవలి గట్టున చిక్కుకొన్న భార్యాబిడ్డల కొరకు తిరిగి వచ్చి పట్టుబడినాడని చెప్పుతారు. తిస్‌విల్ సైనిక శిబిరంలో బందీగా ఉండి భార్యకు వ్రాసిన చివరి లేఖ తరువాతి కాలంలో లోకమంతటా ప్రసిద్ధికెక్కినది.

1961 జనవరి 17వ తేదీన అతణ్ణి, అనుచరులైన మోరిస్ మ్పోలో, జోసెఫ్ ఒకిటోలను విమానంలో ఎక్కించి, దారి పొడుగునా కొట్టుతూ, బద్ధవైరుల రాజధాని అయిన ఎలిజబెత్‌విల్‌లో దింపినారు. ఆ రాత్రి షోంబే మంత్రులు, బెల్జియం అధికారులు చూచుచుండగా ముగ్గురినీ కాల్చి చంపినారు. సమాధి కూడా మిగులరాదని ఒక బెల్జియం పోలీసు అధికారి శవాలను వెలికి తీసి, ఖండించి, ఆమ్లంలో కరిగించినాడు. మరణవార్త ఫిబ్రవరి 13వ తేదీన గాని బయటికి రాలేదు. అమెరికా గూఢచారి శాఖ లుముంబాకు విషం పెట్టించుటకు పన్నిన పన్నుగడను 1975లో అమెరికా సెనెటు సంఘమే వెల్లడించినది. బెల్జియం వారికి ఈ హత్యలో నైతిక బాధ్యత ఉన్నదని 2001లో వారి పార్లమెంటు విచారణ సంఘం తేల్చినది. మరుసటి ఏడు ఆ ప్రభుత్వం క్షమాపణ చెప్పినది.

హత్యావార్త విని అనేక దేశాల రాజధానులలో జనం వీధులలోకి వచ్చినారు. నెహ్రూ ప్రభుత్వం 1961లో సమితి పక్షాన ఒక బ్రిగేడు సైన్యాన్ని కాంగోకు పంపినది. ఆ సైన్యంలోని కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో పోరాడి మరణించి పరమవీరచక్ర పొందినాడు. కటంగా చీలిక 1963 జనవరిలో అంతమయినది. 1965 నవంబరులో మొబూటు తానే అధ్యక్షుడయినాడు. 1967లో అతడు యూనియన్ మినియేర్ ఆస్తులను జాతీయం చేసినాడు. ఆర్థిక సమావేశంలో పోయిన తాళపు చెవి తిరిగి వచ్చినదని జనం సంతోషించినారు. కాని రాగిని శుద్ధి చేయించి అమ్మి పెట్టే పని మరల బెల్జియం సంస్థ చేతిలోనే ఉండిపోయినది. వచ్చిన ఆదాయం నాయకుని భవనాలకు, బంధుమిత్రుల విలాసాలకు పోయినది. 1973లో విదేశీయుల దుకాణాలు, తోటలు తీసికొని అనుభవం లేని ఆశ్రితులకు పంచినారు. మరుసటి ఏడాది నుండి రాగి ధర పతనమైనది. అంగోలా యుద్ధంతో 1975లో రైలు దారి మూతపడినది. 1980ల నడుమ ఏటా నాలుగు లక్షల టన్నులకు పైగా రాగి తీసిన కంపెనీ, పదేండ్లు తిరుగకుండా అందులో పదవ వంతైనా తీయలేని దుస్థితికి దిగజారినది. 1997లో మొబూటు పారిపోయినాడు. 1996 నుండి 2003 వరకు సాగిన యుద్ధాలలో పొరుగు దేశాల సైన్యాలు సైతం ఆ గనుల కొరకు కాచుకొన్నవి. 2025 జనవరిలో తూర్పున ఉన్న గోమా నగరం తిరుగుబాటుదారుల వశమైనది.

ఖనిజాలు ఉన్న దేశానికి ఈ గతి తప్పదని ఎవరైనా అంటే, అదే ఖండంలోని బోట్స్వానాను చూపవచ్చును. 1966లో స్వాతంత్ర్యం వచ్చిన ఆ చిన్న దేశంలో మరుసటి ఏడు వజ్రాల గని బయటపడినది. సెరెట్సీ ఖామా ప్రభుత్వం తొందరపడక, కంపెనీతో ఓపికగా బేరమాడి 1975 నాటికి గనులలో సగం వాటా సంపాదించినది. ఆదాయాన్ని బడులకు, బాటలకు, వైద్యశాలలకు మళ్లించినది. ఆ దేశానికి కష్టాలు లేవని కాదు. నేలలో నిధి ఉండుట శాపం కాదని మాత్రం అది నిరూపించినది. లెక్కలు తెలిసినవారు, లెక్క అడిగే ప్రజలు, లెక్క చెప్పే ప్రభుత్వం ఉన్నచోట నిధి అన్నమవుతుంది. ఆ మూడూ లేనిచోట అదే నిప్పవుతుంది. కాంగోకు ఆ మూడింటిలో మొదటి దానిని వలస పాలకులు దక్కనివ్వలేదు. మిగిలిన రెంటిని తరువాతి పాలకులు దక్కనివ్వలేదు.

లుముంబా శరీరాన్ని కరిగించిన పోలీసు అధికారి అతని పన్ను ఒకటి దాచుకొన్నాడు. అరువది సంవత్సరాలు బెల్జియంలో ఉన్న ఆ పన్నును 2022 జూన్ 20వ తేదీన బ్రస్సెల్స్‌లో అతని సంతానానికి అప్పగించినారు. అది అతడు పుట్టిన ఒనలువాకు, ప్రసంగాలతో ఉర్రూతలూగించిన కిసంగానికి (నాటి స్టాన్లీవిల్ అదే), నేలకొరిగిన కటంగాకు ఊరేగి, జూన్ 30వ తేదీన రాజధాని కిన్షాసాలో సమాధి చేయబడినది. కాంగో నుండి తరలిపోయిన వేల కోట్ల సంపదలో తిరిగి వచ్చినది ఆ ఒక్క పన్ను మాత్రమే అనిపించక మానదు.

నేడు లోకంలో త్రవ్వే కోబాల్టులో సగానికి మించి కాంగోది. మన చేతులలోని ఫోన్లలో, విద్యుత్తుతో నడిచే కార్లలో ఆ నేల ఖనిజం ఉన్నది. దానిలో కొంత భాగాన్ని చెప్పులు లేని కాళ్లతో, చేతి పనిముట్లతో త్రవ్వుతున్నవారు ఉన్నారు. వారిలో బడిలో ఉండవలసిన పిల్లలు కూడా ఉన్నారు. లుముంబా గుమాస్తాగా ఉన్నప్పుడు కోరినది పెద్ద కోరిక కాదు: తన పనికి తగిన జీతం, తన పిల్లలకు తగిన చదువు, తన పేరుకు తగిన గౌరవం. ఆ కోరిక తీరే మార్గం గని అడుగున లేదు. అది బడి గుమ్మం దగ్గర మొదలై, ప్రభుత్వపు జమాఖర్చుల పుస్తకం గుండా పోతుంది. ఆ మార్గాన్ని అతడు చూచినాడు. నడిచి చూపుటకు అతనికి దక్కిన కాలం పదివారాలైనా లేదు.